ఫిల్టరు మారింది, ట్యాంకు మారలేదు

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. 61 రోజులు జెట్టీకి కట్టేసి ఉన్న బోట్లన్నీ ఆ గడువు ముగియగానే ఒక్కసారిగా కదులుతాయి. ఆ తరువాతి పది రోజులు హార్బర్‌లో డీజిల్ మెకానిక్కులకు నిద్ర ఉండదు. వేటకు వెళ్లిన బోట్లలో కొన్నింటిని ఇంకో బోటు తాడు కట్టి వెనక్కి లాక్కొస్తుంది. ఇంజిన్ పాడైందా అంటే అదీ కాదు. రెండు నెలల క్రితం ఆపిన రోజున చక్కగా నడిచిన ఇంజినే. జెట్టీ వదిలేటప్పుడూ బాగానే ఉంది. అల పెరిగిన చోటికి చేరగానే ఆగిపోయింది.

అలా వచ్చిన ఒక బోటును దగ్గర నిలబడి చూశాను. మొదటిసారి ఆగినప్పుడు డీజిల్ ఫిల్టరు మార్చి ముందుకు వెళ్లారు. మర్నాటి రాత్రి మళ్లీ ఆగింది. వేసిన రెండో ఫిల్టరు ఆరు గంటలు పని చేసింది, మూడోది రెండు గంటలు. తాడు మీద తిరిగి వచ్చాక బోటు నడిపే సరంగు ఆ మూడింటినీ జెట్టీ గట్టు మీద వరసగా పెట్టి, "బాబాయ్, ఫిల్టర్లలో కూడా నకిలీవి వస్తున్నాయా?" అని అడిగాడు. మెకానిక్ ఏమీ మాట్లాడకుండా ఒక ఫిల్టరు డబ్బాను హ్యాక్సా బ్లేడుతో కోసి, లోపలి కాగితం మడతలు విప్పాడు. మడత మడతకూ నల్లటి జిగురు పట్టి ఉంది. కొంచెం తీసి వేళ్ల మధ్య రుద్దాడు. గరుకు తగల్లేదు, కలబంద గుజ్జులా జారిపోతోంది. "ఫిల్టర్లు మంచివే నాయనా. మంచివి కాబట్టే మూడూ నిండాయి" అన్నాడు.

కలుషిత ఇంధనం విషయంలో మొదట అర్థం కావలసింది ఇదే. ఫిల్టరు పూడుకుపోయిందంటే అది తన పని చేసిందని అర్థం. రోగం ట్యాంకు అడుగున ఉంది. అక్కడ చెయ్యి పెట్టకుండా ఎన్ని ఫిల్టర్లు మార్చినా ఇంజిన్ ఆగే గంటను కాస్త వెనక్కి జరపడమే అవుతుంది.

అల వచ్చినప్పుడే ఎందుకు ఆగుతుంది?

మత్స్యకారులు దీన్ని చాలాసార్లు దురదృష్టం అనుకుంటారు. కానీ ఇందులో అదృష్టం ప్రసక్తే లేదు. నీరు డీజిల్ కన్నా బరువు. లీటరు డీజిల్ సుమారు 820 నుంచి 845 గ్రాములు తూగితే, లీటరు సముద్రపు నీరు 1,025 గ్రాములు తూగుతుంది. అందుకే బోటు కదలకుండా ఉన్నన్ని రోజులూ నీరు, తుప్పు, బురద అన్నీ ట్యాంకు అడుగుకు చేరి పొరలు పొరలుగా సర్దుకుంటాయి. డీజిల్ పీల్చే గొట్టం మొన అడుగుకు కాస్త పైన ఉంటుంది కాబట్టి దానికి శుభ్రమైన డీజిలే అందుతుంది. రేవులో గంటసేపు ఇంజిన్ ఆడించి చూసినా ఏ తేడా కనపడదు.

బోటు బయటికి వెళ్లి అటూ ఇటూ ఒరగడం మొదలుపెట్టాక ట్యాంకు లోపల కూడా చిన్న సముద్రం తయారవుతుంది. కవ్వం తిప్పిన కుండలా అడుగున ఉన్నదంతా పైకి లేస్తుంది. ఎదురు అలలను తట్టుకోవడానికి ఇంజిన్‌కు ఎక్కువ డీజిల్ కావలసి వచ్చేదీ, ఆ డీజిల్ అత్యంత మురికిగా ఉండేదీ ఒకే సమయంలో. గోదావరి మొగల దగ్గర నది నీరు, సముద్రపు అల ఢీకొనే ఇసుక మేటల మీద ఇంజిన్ ఆగితే బోటు అలకు అడ్డం తిరుగుతుంది. అక్కడ లోపం వెతికే సమయం ఉండదు. రోడ్డు మీద లారీ ఆగితే పక్కకు నెట్టుకోవచ్చు. బోటుకు ఇంజిన్ ఉంటేనే దిశ ఉంటుంది. రేవులో చేసే పరీక్షను నేను నమ్మకపోవడానికి కారణం ఇదే.

నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయి?

"సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో గాలి చెమర్చి నీళ్లు పడతాయి" అన్న మాట ప్రతి రేవులోనూ వినపడుతుంది. మాట అబద్ధం కాదు, కానీ ఒకసారి లెక్క వేసి చూద్దాం. 2,000 లీటర్ల ట్యాంకు సగం ఖాళీగా ఉంటే లోపల ఒక ఘనపు మీటరు గాలి ఉన్నట్టు. 30 డిగ్రీల వేడిలో నిండా తేమ పట్టిన ఘనపు మీటరు గాలిలో ఉండే నీరు సుమారు 30 గ్రాములు. పగటికీ రాత్రికీ 10 డిగ్రీల తేడా ఉందనుకుంటే, ఆ గాలి రోజుకు మూడు శాతం మేర వ్యాకోచించి సంకోచిస్తుంది. అంటే గాలి గొట్టం గుండా 33 లీటర్ల కొత్త గాలి లోపలికి వస్తుంది. దానితో వచ్చే తేమ ఒక గ్రాము. అది మొత్తం నీరుగా మారిపోయిందనుకున్నా 61 రోజులకు 60 గ్రాముల చిల్లర, చిన్న టీ గ్లాసులో సగం. మరి ట్యాంకు విప్పినప్పుడు బకెట్లకొద్దీ వచ్చే నీటి మాటేమిటి?

అది డెక్కు మీద డీజిల్ పోసే మూత నుంచి వచ్చింది. ఒక చదరపు మీటరు డెక్కు మీద ఐదు సెంటీమీటర్ల వాన కురిస్తే 50 లీటర్ల నీరు. మూత చుట్టూ డెక్కు పల్లంగా ఉండి, మూత కింది రబ్బరు రింగు ఎండకు బీటలు వారి ఉంటే, ఆ నీటిలో కొంత నేరుగా ట్యాంకులోకి దిగుతుంది. వందలు, వేల రూపాయలు పెట్టి ఫిల్టర్లు కొనేవారు కూడా ఆ చిన్న రింగును ఏళ్ల తరబడి మార్చరు. ఇక గాలి గొట్టం మూతి డెక్కుకు మరీ దగ్గరగా ఉంటే, పైకి ఎక్కిన ప్రతి అల నుంచీ కాస్త ఉప్పునీరు లోపలికి పోతుంది. ఈ గొట్టం మూతి కిందికి వంగి, వీలైనంత ఎత్తులో ఉండాలి. డ్రమ్ముల్లో, క్యాన్లలో తెచ్చి పోసే డీజిల్‌తో వచ్చే నీరు మరో దారి. ఆరుబయట నిలబెట్టిన డ్రమ్ము పైభాగంలో వాన నీరు నిలిచి, చల్లబడినప్పుడు బిరడా సందుల్లోంచి లోపలికి పీల్చుకుంటుంది. అందుకే తెలిసినవారు డ్రమ్మును పడుకోబెడతారు.

నిషేధ కాలంలో ట్యాంకు నింపి ఉంచమని చెప్పడం తేలిక. రెండు నెలలు వేట లేని ఇంట్లో అంత డబ్బు డీజిల్ రూపంలో నిలవ ఉంచడం తేలిక కాదు, పైగా దొంగల భయం. నింపగలిగితే మంచిదే. అయితే మూత బాగుచేయకుండా ట్యాంకు నింపినందువల్ల ఒరిగేదేమీ లేదు. నా దృష్టిలో మూత ముందు, నింపడం తరువాత.

ఇంతకీ ఆ అర టీ గ్లాసు నీటిని కూడా కొట్టిపారేయలేం. ఇంజిన్‌ను ఆపడానికి అది చాలదు, కానీ ఇంజిన్‌ను ఆపే జీవిని పెంచడానికి చాలు.

డీజిల్‌లో పెరిగే పంట

మెకానిక్ వేళ్ల మధ్య జారిన జిగురు మట్టి కాదు, తారు కాదు. అది బతికి ఉన్న బూజు. డీజిల్‌లో పెరిగే సూక్ష్మజీవుల్లో పేరుమోసినది హార్మోకోనిస్ రెసినే అనే శిలీంధ్రం. విమాన ఇంధనంలో తరచూ కనపడడం వల్ల దీనికి కిరోసిన్ ఫంగస్ అన్న పేరు కూడా వచ్చింది. దీనికి ఉండడానికి నీరు కావాలి, తినడానికి డీజిల్ కావాలి. అందుకే అడుగున నీరు, పైన డీజిల్ కలిసే సరిహద్దులో పలుచని చాపలా పరచుకుంటుంది. మన తీరంలోని మే నెల వేడి, కదలని బోటు, అడుగున కాసిన్ని నీళ్లు ఉంటే దానికి ఇంకేమీ అక్కర్లేదు. నీరు లేకుంటే మాత్రం పెరగలేదు. దీన్ని అదుపు చేసే మార్గమంతా ఈ ఒక్క వాక్యంలోనే ఉంది.

అది ఫిల్టరును పూడ్చడంతో ఆగదు. విసర్జించే ఆమ్లాలు ఇనుప ట్యాంకును అడుగు నుంచి తింటాయి. గాలి అందని ఆ అడుగు పొరలో గంధకాన్ని వాడుకునే బ్యాక్టీరియా కూడా చేరితే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. ఆ వాసన హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుది, అది విషం. ఎక్కువ మోతాదులో ముక్కుకు వాసన పట్టే శక్తినే చంపేస్తుంది కాబట్టి, వాసన పోయిందంటే ప్రమాదం పోయిందని కాదు. పెద్ద ట్యాంకులోకి మనిషిని దించి కడిగించే పని ఎవరూ చేయవద్దు. చెయ్యి పట్టే మూతలు తెరిచి బయటి నుంచే శుభ్రం చేయాలి.

ఫిల్టరులో పట్టినదాన్ని వేళ్లతో రుద్ది చూడడం చదువుల్లో చెప్పని మంచి పరీక్ష. జారితే బూజు. గరుకుగా ఉండి ఎర్రటి మరక అంటితే ట్యాంకు తుప్పు. గరుకుగా ఉండి రంగు అంటకపోతే ఇసుక, దుమ్ము. అవి డీజిల్ పోసినప్పుడు వచ్చినవి. ముందు ఇది తేలితే తరువాత ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

పంపు లోపల ఏమవుతుంది?

ట్యాంకు నుంచి వచ్చిన డీజిల్‌ను ఒత్తిడితో ఇంజిన్‌లోకి పంపే డీజిల్ పంపుకు వేరే కందెన నూనె చాలా చోట్ల ఉండదు. పంపులో ముందుకూ వెనక్కూ కదిలే కడ్డీ, అంటే ప్లంజరు, డీజిల్ తడి మీదే జారుతూ ఉంటుంది. ప్లంజరుకూ దాని గూడుకూ మధ్య సందు కొద్ది మైక్రాన్లు మాత్రమే (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు, మామూలు కంటికి కనపడే కణం సుమారు 40 మైక్రాన్లు. అంటే పంపును గీసే ధూళి కంటికి కనపడదు. "డీజిల్ తేటగా ఉంది కదా" అన్న మాటకు అందుకే విలువ లేదు.

ఆ సందులోకి నీరు వెళ్తే జారే పొర తెగి ఇనుము ఇనుముతో రాసుకుంటుంది. డీజిల్‌ను ఇంజిన్ లోపల చిమ్మే నాజిల్ కొనకు చేరిన నీటి బొట్టు అక్కడి వేడికి ఒక్క క్షణంలో ఆవిరై కొనను దెబ్బ తీస్తుంది. ఇంజిన్ ఆపేశాక జరిగేది అంతకన్నా చెడ్డది. ఉప్పునీరు తగిలిన ప్లంజరుకు ఒక్క రాత్రి చాలు తుప్పు పట్టడానికి, మర్నాడు పంపు బిగుసుకుపోతుంది. పాత మెకానికల్ పంపులు కొంత ఓర్చుకుంటాయి. 1,600 బార్లు, ఆ పైన ఒత్తిడితో, ఒకే ఉమ్మడి గొట్టం నుంచి నాజిళ్లన్నిటికీ డీజిల్ అందించే కామన్ రైల్ ఇంజిన్లకు ఆ ఓర్పు లేదు.

ఇంజిన్ ముందుగా చెప్పే సంకేతాలు ఉన్నాయి. ఎక్కువ వేగంలో బలం తగ్గి, వేగం తగ్గిస్తే సర్దుకుంటుంది. ఆ తరువాత ఊగిసలాడుతుంది. నీరు అందుతుంటే తెల్లటి పొగ వస్తుంది. అన్నిటికన్నా నమ్మదగిన గుర్తు ఇంకొకటి. ఆగిపోయిన ఇంజిన్ పది నిమిషాల తరువాత ఏమీ చేయకుండానే స్టార్ట్ అయి, కాసేపు నడిచి మళ్లీ ఆగుతుంది. ట్యాంకులో పీల్చే గొట్టం మొనకు పీల్పు ఉన్నంతసేపూ జిగురు ముక్క అతుక్కుని, పీల్పు ఆగగానే రాలిపోతుందన్న మాట. కొన్ని ట్యాంకుల్లో ఆ మొనకు సన్నని జాలీ కూడా ఉంటుంది. బయటి ఫిల్టర్లన్నీ కొత్తవి వేసి, కంటికి కనపడని ఆ జాలీని మరచిపోయి వారాల తరబడి తిప్పలు పడ్డవారు ఉన్నారు.

మరో సంగతి. ట్యాంకు నుంచి డీజిల్‌ను లాగే ఫీడ్ పంపు వరకు ఉన్న పైపు పీల్చే వైపు. అక్కడ కీలు వదులైతే డీజిల్ బయటికి కారకపోవచ్చు, గాలి లోపలికి పోతుంది. పైపు పొడిగా ఉందని వదిలేస్తారు, ఇంజిన్ మాత్రం ఎయిర్ లాక్‌తో, అంటే పైపులో గాలి చిక్కి డీజిల్ అందక, ఆగుతూనే ఉంటుంది. రెండడుగుల పారదర్శక పైపు తాత్కాలికంగా బిగించి చూస్తే బుడగలు కదులుతూ కనపడతాయి. లోపం మురికిదా గాలిదా అన్న వాదన అక్కడితో తీరిపోతుంది.

సముద్రంలో, ఆ తరువాత రేవులో

నీటి మధ్య ఆగినప్పుడు చేయగలిగింది కొద్దే. నీరు వేరు చేసే మొదటి ఫిల్టరు అడుగున కాక్ తిప్పి, శుభ్రమైన డీజిల్ వచ్చేవరకు వదలాలి. వదిలింది డబ్బాలో పట్టాలి, సముద్రంలోకి కాదు. ఫిల్టరు మార్చి, కొత్తదాన్ని శుభ్రమైన డీజిల్‌తో తడిపి, చేతి పంపుతో ఎయిర్ తీయాలి. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి పంపు కొడుతుంటే ముందు నురగ వస్తుంది, తరువాత నురగ లేని ధార వస్తుంది. ధార కారుతుండగానే స్క్రూ బిగించాలి. మెకానికల్ పంపు అయితే నాజిల్ పైపు నట్లు కూడా వదులు చేసి ఇంజిన్‌ను తిప్పవచ్చు. కామన్ రైల్ ఇంజిన్‌లో ఆ పని ఎన్నడూ చేయకూడదు, అందులోంచి చిమ్మే సన్నని ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి దిగుతుంది.

రెండు ఫిల్టర్లు పక్కపక్కన ఉండి, మీట తిప్పితే ఒకదాని నుంచి ఇంకోదానికి మారే ఏర్పాటు ఉన్న బోటుకు ఈ గండం ఒక్క నిమిషంలో గడుస్తుంది. దానికి ఒక వాక్యూమ్ మీటర్ జత చేస్తే ఫిల్టరు నిండుతున్న సంగతి ఆగక ముందే ముల్లు చెబుతుంది. కొత్త జీపీఎస్ కన్నా ముందు కొనవలసినవి ఇవి అని నా అభిప్రాయం. ఇంకో పొరపాటు కూడా చెప్పాలి. ఎక్కువ రక్షణ అనుకుని మొదటి ఫిల్టరులోనే 2 మైక్రాన్ల కణాన్ని కూడా ఆపేది వేస్తారు. అది గబగబా నిండిపోతుంది. మొదట 10 లేదా 30 మైక్రాన్లది, ఇంజిన్ మీద 2 నుంచి 5 మైక్రాన్లది, ఇలా మెట్లుగా ఉంటేనే రెండూ ఎక్కువ కాలం వస్తాయి. ఇంజిన్ తయారీదారు చెప్పిన కొలతే చివరి మాట.

రేవుకు వచ్చాక అసలు పని మొదలవుతుంది. ట్యాంకు అతి పల్లమైన చోటు నుంచి గాజు సీసాలో కొంచెం పట్టి, కదపకుండా గంటసేపు ఉంచాలి. నీరు, డీజిల్ గీత గీసినట్టు విడిపోతాయి. సందేహం ఉంటే వంటలో వాడే రంగు రెండు చుక్కలు వేయండి. ఆ రంగు నీటిలో కరుగుతుంది, డీజిల్‌లో కరగదు. తరువాత ట్యాంకు ఖాళీ చేసి మూతలు తెరవాలి. బోటు ఒరిగినప్పుడు డీజిల్ ఒక్కసారిగా ఒక పక్కకు పోకుండా లోపల అడ్డు పలకలు ఉంటాయి, ప్రతి అర విడిగా చెయ్యి పెట్టి తుడవవలసిందే. ట్యాంకు నుంచి ఇంజిన్ వరకు పైపులన్నీ విడదీసి కడిగాకే కొత్త ఫిల్టర్లు వేయాలి. నీరు పంపు దాకా వెళ్లిందన్న అనుమానం ఉంటే ఆ రోజే శుభ్రమైన డీజిల్ ఆడించాలి, లేదా పంపును, నాజిళ్లను షాపుకు పంపాలి. రేపు చూద్దాం అనుకుంటే ఖర్చు పెరుగుతుంది.

ఈ కష్టం తప్పించుకోవడానికి రెండు అడ్డదారులు చెబుతారు. మొదటిది, బూజును చంపే మందు. అది పని చేస్తుంది, కానీ చచ్చిన బూజు మాయం కాదు. గోడల నుంచి ఊడి పెచ్చులుగా పైపుల్లోకి వస్తుంది. మందు వేసిన వారంలో ఫిల్టర్లు ఇంకా వేగంగా నిండడానికి కారణం ఇదే. ముందు ట్యాంకు కడిగి, తరువాత మళ్లీ పెరగకుండా మందు వేయడం సరైన వరస. చేతులకు తొడుగులు తప్పనిసరి. రెండోది, డీజిల్‌ను యంత్రంతో తోడి వడకట్టి మళ్లీ ట్యాంకులో పోయడం. దానితో డీజిల్ శుభ్రపడుతుంది, గోడలకు పట్టినది అలాగే ఉంటుంది. ఎంగిలి కంచంలో మంచి అన్నం వడ్డించినట్టు.

బోటు వెనక బయటి వైపు బిగించే పెట్రోలు అవుట్‌బోర్డు ఇంజిన్లు ఉన్నవారి సంగతి వేరు. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. చాలా అవుట్‌బోర్డు తయారీదారులు ఒప్పుకునేది 10 శాతం వరకే. ఇథనాల్ నీటిని తనలో కలుపుకుంటూ పోయి, ఒక హద్దు దాటాక ఆ నీటితో సహా అడుగుకు దిగిపోతుంది. అప్పుడు కింద నీరు, ఇథనాల్. పైన బలం తగ్గిన పెట్రోలు. కలిపినా, వడకట్టినా అది మళ్లీ మంచి పెట్రోలు కాదు. నెలల తరబడి ఆపేటప్పుడు ట్యాంకులో పెట్రోలు ఉంచకపోవడమే మేలు.

కొన్నిసార్లు తప్పు బోటుది కాదు, పోసిన ఇంధనానిది. 2022 తొలి నెలల్లో సింగపూర్‌లో క్లోరిన్ కలిసిన రసాయనాలున్న ఇంధనం సుమారు 200 నౌకలకు చేరింది, సుమారు 80 నౌకలు పంపులు, ఇంజిన్ల ఇబ్బందులు చెప్పుకున్నాయి. ఇంధనంలో కరిగిపోయిన రసాయనాన్ని ఏ ఫిల్టరూ ఆపలేదు. అలాంటప్పుడు నౌకలకు అండగా నిలిచేది ఇంధనం నింపిన రోజునే ముద్ర వేసి దాచిన నమూనా సీసా. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం దాన్ని కనీసం 12 నెలలు ఉంచాలి. చేపల బోటుకు అంత ఆర్భాటం అవసరం లేదు. డీజిల్ పోయించుకునేటప్పుడు బంకులో సాంద్రత అడిగి రాసుకోవడం, బంకు ట్యాంకులో నీరుంటే రంగు మారే పేస్టుతో పరీక్ష చేసి చూపమనడం, తేదీ రాసిన ఒక లీటరు సీసా దాచుకోవడం చాలు.

మూడు ఫిల్టర్లు పోగొట్టుకున్న ఆ బోటు ట్యాంకు కడగడానికి రెండు రోజులు పట్టింది. మూతకు కొత్త రబ్బరు రింగు వేశారు, గాలి గొట్టాన్ని మోకాలెత్తు నుంచి భుజం ఎత్తుకు పెంచారు. పదకొండు రోజుల వేట ముగించుకుని వచ్చిన సరంగు చేపలు దించక ముందే ట్యాంకు కింది కాక్ తిప్పి గాజు సీసాలో పట్టాడు. గంట తరువాత చూస్తే అడుగున గోరు మందాన నీరు నిలిచింది. దాన్ని డబ్బాలో పోసి, ఇంకో సీసా పట్టి మళ్లీ గంటసేపు కూర్చున్నాడు. ఈసారి పై నుంచి అడుగు దాకా ఒకే రంగు.